నడుస్తుండగా ఇంజిన్ ఓవర్‌హీట్: లోపం ఎక్కడుందో అంచెలంచెలుగా పట్టుకోవడం

బండి వేడెక్కుతోందంటే చాలాచోట్ల వెంటనే మొదలయ్యేది పార్టుల మార్పిడి. ముందు థర్మోస్టాట్, తగ్గకపోతే వాటర్ పంపు, అదీ కాదంటే రేడియేటర్. మూడూ కొత్తవి పడ్డాక కూడా టెంపరేచర్ గేజ్ ముల్లు ఎర్రగీత వైపే వెళ్తుంటే, అప్పుడుగానీ ఫ్యాన్ రిలే మీదకో రేడియేటర్ మూత మీదకో చూపు పోదు. ఓవర్‌హీట్‌కి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ ఇంజిన్ ఏ పరిస్థితిలో వేడెక్కుతోందో జాగ్రత్తగా గమనిస్తే, వాటిలో చాలావరకు స్పానర్ పట్టకముందే పక్కకు పోతాయి. మిగిలినవాటిని ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి వెతకాలి. విప్పి చూడాల్సినవి చివరికి ఉంచుకోవాలి. కూలెంట్‌తో (ఇంజిన్‌లో తిరుగుతూ వేడిని మోసుకుపోయే ద్రవంతో) చల్లబడే పెట్రోల్, డీజిల్ కార్లకూ వ్యాన్లకూ ఈ క్రమం సరిపోతుంది.

దారిలో ముల్లు పైకి లేస్తే

ముల్లు మామూలు చోటు దాటి కదలడం కనిపించగానే ఏసీ ఆపేయండి. హీటర్‌ను పూర్తి వేడికి, బ్లోయర్‌ను పూర్తి స్పీడుకి పెట్టి కిటికీలు దించండి. హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కొంత వేడి అటు పోతుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉంటే న్యూట్రల్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు పట్టి ఉంచండి, పంపు కాస్త వేగంగా తిరుగుతుంది. ముల్లు దిగితే నెమ్మదిగా నడుపుకుంటూ ఆపుకోగలిగిన చోటికి చేరొచ్చు.

ముల్లు ఎర్రగీతలోకి వెళ్లినా, ఎర్ర దీపం వెలిగినా, బానెట్ కింద నుంచి ఆవిరి వస్తున్నా ఇంకేమీ ఆలోచించకుండా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. టెంపరేచర్‌తో పాటు బ్యాటరీ దీపం కూడా వెలిగితే డ్రైవ్ బెల్టు తెగిందని అనుమానించాలి. చాలా ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంపునీ తిప్పేది ఒకే బెల్టు. ఆ స్థితిలో ఇంకో రెండు మూడు కిలోమీటర్లు లాగినా సిలిండర్ల మీద మూతలా ఉండే అల్యూమినియం హెడ్ వంగిపోవచ్చు.

ఆపాక కనీసం అరగంట మూత జోలికి పోవద్దు, గంట ఆగితే ఇంకా మంచిది. లోపలి కూలెంట్ 110, 120 డిగ్రీల దగ్గర కూడా ఒత్తిడి వల్లే ద్రవంగా ఉంటుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. మందపాటి గుడ్డతో రేడియేటర్ పై హోస్‌ను (రబ్బరు గొట్టాన్ని) నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకా ఒత్తిడి ఉన్నట్టే. వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోయడమూ అంతే ప్రమాదం, హెడ్డో బ్లాకో పగులుతుంది.

ఇక్కడే మోసపోయే సంగతి ఒకటుంది. కూలెంట్ మొత్తం కారిపోతే ముల్లు పైకి వెళ్లకుండా కిందికి పడిపోవచ్చు. సెన్సర్ ద్రవంలో మునిగి ఉన్నప్పుడే సరిగ్గా చదువుతుంది. చుట్టూ గాలి మాత్రమే ఉంటే తక్కువ చూపిస్తుంది. ఎక్కువగా ఉన్న ముల్లు హఠాత్తుగా పడిపోయి, హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే, అది చల్లబడటం కాదు. వెంటనే ఆపాలి.

వేడి బయటికి పోయే దారి

పంపు కూలెంట్‌ను బ్లాకులోకీ హెడ్‌లోకీ తోస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ మూసుకుని ఉండి, కూలెంట్ లోపలే బైపాస్‌లో తిరుగుతుంది. సాధారణంగా 82 నుంచి 92 డిగ్రీల మధ్య థర్మోస్టాట్ తెరుచుకోవడం మొదలుపెడుతుంది, పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10, 15 డిగ్రీలు పడుతుంది. తెరుచుకున్నాక వేడి కూలెంట్ పై హోస్ గుండా రేడియేటర్‌కి వెళ్లి, చల్లబడి, కింది హోస్ గుండా పంపుకి తిరిగొస్తుంది. స్పీడులో ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది.

మూత పని ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. చాలా కార్లలో అది సుమారు 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడి నిలుపుతుంది, అంకె మూత మీదే ముద్రించి ఉంటుంది. సగం కూలెంట్ సగం నీళ్లు కలిపిన మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 1 బార్ ఒత్తిడిలో అదే మిశ్రమం దాదాపు 130 డిగ్రీల దాకా మరగదు. మూత స్ప్రింగు బలహీనపడితే ఆ తేడా అంతా పోతుంది. మిగతావన్నీ బాగున్నా కూలెంట్ మరిగి రిజర్వాయర్‌లోంచి (మిగులు కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలోంచి) పొంగిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: వేడి నిజమేనా?

ఈ మెట్టు దాటేసి చాలామంది నేరుగా రిపేరుకి దిగుతారు. కొత్త కార్లలో చాలావాటికి ముల్లు నిజం చెప్పదు. కూలెంట్ 75 నుంచి 105 డిగ్రీల దాకా ఎక్కడున్నా నడిమధ్యే నిలబడేలా దాన్ని తయారుచేస్తారు. అందుకే ముల్లు కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే పరికరం) తగిలించి లైవ్ డేటాలో కూలెంట్ టెంపరేచర్ చూడండి. నడిచేటప్పుడు 85 నుంచి 105 మధ్య ఉంటే చాలా ఇంజిన్లకు మామూలే. 110 దాటి పెరుగుతూ పోతుంటే లోపం ఉన్నట్టు.

అదే సమయంలో థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. మెరిసే అల్యూమినియం మీద ఇది తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట నల్ల టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి. స్కానర్ 118 అంటుండగా హౌసింగ్ 92 దగ్గరే ఉంటే అనుమానం సెన్సర్ మీదకి, వైరింగ్ మీదకి పోవాలి. సెన్సర్ కనెక్టర్ తీసి మల్టీమీటర్‌తో కొలిస్తే చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓంలు, 80 డిగ్రీల దగ్గర 300 ఓంలకు అటూఇటూగా ఉంటుంది. వేడెక్కేకొద్దీ అంకె సాఫీగా తగ్గాలి. మధ్యలో ఎగిరిపడితే సెన్సర్ పోయినట్టే.

స్కానర్‌లో కోడ్‌లు కూడా చదవండి. పీ0217 అంటే ఇంజిన్ నిజంగానే అతిగా వేడెక్కింది. పీ0117, పీ0118 సెన్సర్ సర్క్యూట్‌వి. పీ0480 ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్‌ది. పీ0128 ఓవర్‌హీట్‌కి తిరగబడ్డది, ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదని. సాధారణంగా థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే వస్తుంది.

ఎప్పుడు వేడెక్కుతోంది?

అసలైన పరిశోధన ఇదే. బండి నడిపేవాళ్లు వేరొకరైతే పనిముట్లు తీయకముందు వాళ్లను కూర్చోబెట్టి అడగాలి: ఎంత స్పీడులో, స్టార్ట్ చేసిన ఎంతసేపటికి, ఏసీ వేసి ఉందా, ఎత్తు ఎక్కుతున్నారా, కూలెంట్ ఎన్నిసార్లు పోశారు?

*సిగ్నల్ దగ్గరా ట్రాఫిక్‌లోనూ వేడెక్కి, రోడ్డు దొరకగానే చల్లబడుతుంటే* గాలి లోపం. ఫ్యాన్, రిలే, ఫ్యూజు, ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్, ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలికీ) రేడియేటర్‌కీ మధ్య పేరుకున్న చెత్త వెతకండి. పంపునీ హెడ్ గ్యాస్కెట్‌నీ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీల్‌నీ) ఇప్పుడే ముట్టుకోనక్కర్లేదు.

*నిలబడి ఉన్నప్పుడు బాగుండి, 80, 100 కిలోమీటర్ల స్పీడులో వేడెక్కుతుంటే* కూలెంట్ ప్రవాహం చాలడం లేదు. రేడియేటర్ ట్యూబులు లోపల మూసుకుపోవడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, పంపు రెక్కలు అరిగిపోవడం, కింది హోస్ పీల్చుకుపోయి అంటుకోవడం ఈ కోవలోవి. బంపర్ కింద ఉండే ప్లాస్టిక్ గాలి మళ్లింపు పలక ఊడిపోయినా ఇలాగే అవుతుంది. దాన్ని అలంకారమనుకుని వదిలేస్తారు గానీ, కొన్ని కార్లలో రేడియేటర్‌కి గాలిని మళ్లించేది అదే.

*ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో మాత్రమే వేడెక్కుతుంటే* రేడియేటర్ కొంత మూసుకుపోవడం ఒక అవకాశం, హెడ్ గ్యాస్కెట్ లీకు మొదలవ్వడం ఇంకొకటి. లోడ్ పడినప్పుడే సిలిండర్ ఒత్తిడి పెరిగి గ్యాసు కూలెంట్‌లోకి తోసుకుంటుంది.

*స్టార్ట్ చేసిన ఐదు, పది నిమిషాల్లోనే ఎర్రగీత చేరుతుంటే* కూలెంట్ చాలా తక్కువ ఉండటం, థర్మోస్టాట్ మూసుకునే ఉండిపోవడం, పంపు అసలు తిరగకపోవడం, ఎయిర్ లాక్ (లోపల గాలి చిక్కుకుని కూలెంట్ ఆగిపోవడం), లేదా గ్యాస్కెట్ బాగా పోవడం.

*ముల్లు పైకీ కిందకీ ఊగుతుంటే* మట్టం తక్కువై లోపల గాలి బుడగ తిరుగుతోంది. ఇటీవల కూలెంట్ మార్చిన బండైతే గాలి సరిగ్గా తీయలేదన్నమాట. కొత్తగా కూలెంట్ మార్చకపోయినా ఇలా ఊగుతుంటే ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోందో అడగాలి. తరచూ జవాబు హెడ్ గ్యాస్కెట్.

హీటర్ కూడా సాక్ష్యం చెబుతుంది. ఇంజిన్ మండిపోతుంటే హీటర్ నుంచి చల్లగాలి వస్తోందంటే కూలెంట్ హీటర్ దాకా చేరడం లేదు: మట్టం తక్కువ, లేదా పంపు తోయడం లేదు. హీటర్ బాగా వేడిగా ఉండి, రేడియేటర్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదు.

చల్లటి ఇంజిన్ మీద చేసే తనిఖీ

రాత్రంతా ఆగిన బండి మీద పొద్దున్నే చేస్తే ఇది చక్కగా కుదురుతుంది.

1. మట్టం. రిజర్వాయర్ రెండు రకాలు. మూత రేడియేటర్ మీదే ఉండి, సన్న పైపుతో రిజర్వాయర్‌కి కలిపిన బండ్లలో రిజర్వాయర్ నిండుగా ఉన్నంత మాత్రాన రేడియేటర్ నిండుగా ఉన్నట్టు కాదు. మూత తీసి లోపల చూడాలి. ఒత్తిడి మూత రిజర్వాయర్ మీదే ఉన్న బండ్లలో గీతల మధ్య మట్టం చూస్తే చాలు.

2. కూలెంట్ రూపం. తుప్పు రంగు, అడుగున మడ్డి, పైన నూనె తెట్టు ఉన్నాయేమో చూడండి. నూనె తెట్టు ఉంటే గ్యాస్కెట్టో, ఆయిల్ కూలరో అనుమానించాలి. ఆటోమేటిక్ గేరు బండిలో గులాబీ రంగు పాల మీగడలా కనిపిస్తే రేడియేటర్ లోపలి గేరాయిల్ కూలర్ చిల్లుపడింది. అప్పుడు గేర్‌బాక్స్‌ను కూడా కాపాడుకోవాలి, ఇంక నడపకండి. కూలెంట్ రంగు బట్టి రకం తేల్చేయకండి, తయారీదారులు ఒకే రకానికి వేర్వేరు రంగులు వాడతారు. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ ఒక్కటే లెక్క.

3. మూత. రబ్బరు సీల్ పగిలిందా, మధ్యలోని చిన్న వాక్యూమ్ వాల్వు వేలితో లాగితే కదులుతోందా చూడండి. టెస్టర్ ఉంటే మూత మీద రాసిన ఒత్తిడి నిలుపుతుందో లేదో కొలవండి. నమ్మకం లేకపోతే మార్చేయడమే మేలు, అదే ఒత్తిడి ఉన్నది. ఎక్కువ ఒత్తిడి మూత పెడితే హోసులూ ప్లాస్టిక్ ట్యాంకులూ పగులుతాయి.

4. హోసులు. నొక్కితే స్పాంజిలా మెత్తగా ఉన్నా, చిటపటమని పగిలే శబ్దం వచ్చినా మార్చాలి. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఇంజిన్ చల్లబడ్డాక పై హోస్ చప్పిడిగా అతుక్కుపోయి కనిపిస్తే మూతలోని వాక్యూమ్ వాల్వు పట్టేసింది. ఇంజిన్‌ను రేస్ చేసినప్పుడు కింది హోస్ చప్పిడి అవుతుంటే ఆ హోస్ బలం పోయింది, లేదా లోపల ఉండాల్సిన స్ప్రింగు తుప్పుపట్టి పోయింది, లేదా రేడియేటర్ మూసుకుపోయి పంపుకి కూలెంట్ అందడం లేదు.

5. బెల్టు. పగుళ్లు, మెరుపు, వదులు చూడండి. పంపు పుల్లీని చేత్తో అటూఇటూ ఊపితే ఆడకూడదు. పంపు కింద వీప్ హోల్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. దాని నుంచి కూలెంట్ కారిన తెల్లటి, పచ్చటి మరకలుంటే సీల్ పోయినట్టు. పంపును టైమింగ్ బెల్టు తిప్పే ఇంజిన్లలో కవర్ కింది అంచున ఈ మరక వెతకాలి.

6. ముందుభాగం. టార్చి వేసి కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోకి చూడండి. బయటికి శుభ్రంగా కనిపించే బండిలో కూడా ఆ సందులో దుమ్ము, పురుగులు, ఆకులు దుప్పటిలా పట్టి ఉండొచ్చు. తక్కువ ఒత్తిడి నీటితో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్లు వంగిపోయి గాలి ఇంకా మూసుకుపోతుంది.

కూలెంట్ తగ్గుతూ ఉండి బయట తడి కనబడకపోతే ప్రెషర్ టెస్టర్ పెట్టండి. మూత స్థానంలో బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా మాత్రమే పంపు కొట్టి, 15 నిమిషాలు వదిలేయాలి. టెస్టర్ ముల్లు కదలకపోతే బయటి లీకు లేదు. పడిపోతుంటే రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచు, హోస్ క్లిప్పులు, ప్లాస్టిక్ టీ జాయింట్లు, పంపు వరుసగా చూడండి. ముందు సీటు దగ్గర తివాచీ తడి, కారులో తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డుగా ఆవిరి పట్టడం ఉంటే హీటర్ కోర్. డీజిల్ బండిలో బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ మాయమవుతుంటే ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఫ్యాన్

ట్రాఫిక్‌లో వేడెక్కే బండికి ఇది మొదటి పరీక్ష. ఒక జాగ్రత్త: ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొన్ని బండ్లలో తాళం తీసేసినా హఠాత్తుగా తిరుగుతుంది. చేయి పెట్టేముందు కనెక్టర్ తీసేయండి.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కంప్రెసర్ పట్టిన కాసేపటికి ఫ్యాన్ తిరగాలి. తర్వాత ఏసీ ఆపి, నిలబెట్టి, స్కానర్‌లో టెంపరేచర్ చూస్తూ ఉండండి. సాధారణంగా 95 నుంచి 105 మధ్య ఫ్యాన్ మొదలై, కొన్ని డిగ్రీలు దిగాక ఆగాలి. ఏసీతో తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు బాగుంది. లోపం సెన్సర్‌లోనో, ఫ్యాన్ స్విచ్‌లోనో, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇచ్చే ఆజ్ఞలోనో ఉంది. సెన్సర్ కనెక్టర్ పీకేస్తే చాలా కార్లలో ఈసీయూ జాగ్రత్త కోసం ఫ్యాన్‌ను పూర్తి స్పీడులో తిప్పుతుంది. తిరిగితే వైరింగ్, రిలే, మోటారు మూడూ బాగున్నట్టు ఒక్క దెబ్బకు తేలిపోతుంది. తర్వాత పడిన కోడ్ చెరిపేయండి.

ఎందులోనూ తిరగకపోతే ఫ్యూజు చూసి, రిలేను పక్కనున్న అదే నంబరు రిలేతో మార్చి చూడండి. ఆపైన మోటారు కనెక్టర్ తీసి, ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరగకపోతే మోటారు పోయింది. మోటారు మీద స్పానర్ వెనకభాగంతో తడితే తిరగడం మొదలైతే కార్బన్ బ్రష్‌లు అరిగాయి, ఇవాళ తిరిగినా రేపు ఆగుతుంది. మాడ్యూల్‌తో స్పీడు మార్చుకునే ఫ్యాన్లకు సన్నటి సిగ్నల్ వైరులో బ్యాటరీ కరెంటు ఇవ్వకూడదు, వైరింగ్ చిత్రం చూసి పెద్ద వైర్లకే ఇవ్వాలి.

ఫ్యాన్ తిరుగుతోందన్నంత మాత్రాన సరిపోదు. నిలబడి ఉన్న బండి గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకోండి. అది గ్రిల్‌కి అతుక్కోవాలి. ఎగిరి బయటికి వస్తే మోటారు వైర్లు తారుమారయ్యాయి, ఫ్యాన్ ఉల్టా తిరిగి ఎదురుగాలితో కొట్లాడుతోంది. మోటారు మార్చిన బండ్లలో ఈ తప్పు జరుగుతుంటుంది. కాగితం నీరసంగా అతుక్కుంటే స్పీడు తక్కువ: ఎర్త్ కనెక్షన్ చూడండి. ఫ్యాన్ తిరుగుతుండగా మోటారు ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య అర వోల్టు కన్నా ఎక్కువ కనిపించకూడదు. రెండు స్పీడుల ఫ్యాన్లలో తక్కువ స్పీడు రెసిస్టర్ మాడిపోవడం మరో సాధారణ లోపం.

బెల్టుతో తిరిగే విస్కస్ క్లచ్ ఫ్యాన్ అయితే, ఇంజిన్ ఆపి చేత్తో తిప్పండి. కాస్త బరువుగా తిరగాలి. తేలిగ్గా గిరగిరా తిరిగితే, మధ్యలోని స్ప్రింగు చుట్టూ జిడ్డు మరక ఉంటే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోయింది, క్లచ్ మార్చాలి.

థర్మోస్టాట్, పంపు, రేడియేటర్

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, బెల్టుకీ ఫ్యాన్‌కీ దూరంగా, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పై హోస్‌ను కొలుస్తూ ఉండండి. మొదట చల్లగానే ఉండి, స్కానర్‌లో 85, 90 రాగానే కొద్ది నిమిషాల్లో చురుగ్గా వేడెక్కాలి. ఇంజిన్ 105 దాటినా రేడియేటర్ వైపు హోస్ గోరువెచ్చగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుని ఉంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది హోస్ దగ్గర, పంపుకి వచ్చే దారిలో ఉంటుంది. అక్కడ కింది హోస్‌ను చూడాలి.

తీసిన థర్మోస్టాట్‌ను పరీక్షించడం సులువు. దాని వాల్వు మధ్యలో దారం ఇరికించి, గిన్నెలో నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీయండి, పక్కనే థర్మామీటర్. వేడి చేస్తుంటే దారం వదిలి పడిపోయిన క్షణాన ఎంత చూపిస్తోందో అదే తెరుచుకున్న డిగ్రీ. మీద ముద్రించిన అంకెకు రెండు మూడు డిగ్రీల లోపు ఉండాలి. నీళ్లు మరిగే సరికి వాల్వు చాలావరకు లేవాలి. బిగించేటప్పుడు స్ప్రింగు ఇంజిన్ వైపు, గాలి వదిలే చిన్న పిన్ను పైకి ఉండాలి.

థర్మోస్టాట్ పీకేసి నడపమనే సలహా వినకండి. తీసేస్తే చాలా ఇంజిన్లలో బైపాస్ దారి ఎప్పుడూ తెరుచుకునే ఉండి, వేడి కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లకుండా అడ్డదారిన తిరుగుతుంది. ట్రాఫిక్‌లో వేడి ఇంకా పెరగొచ్చు, హైవే మీద ఇంజిన్ చల్లగా ఉండి ఇంధనం ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. లోపాన్ని ఇది దాచిపెడుతుంది, తీర్చదు.

పంపు బయటికి కారకపోయినా లోపల పనిచేయకపోవచ్చు. ప్లాస్టిక్ రెక్కల పంపుల్లో రెక్కలు పగలడం, షాఫ్టు మీద జారడం ఉంటుంది. పుల్లీ తిరుగుతుంది, రెక్క తిరగదు. రేడియేటర్ మీదే మూత ఉన్న బండిలో, చల్లగా ఉండగానే మూత తీసి స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఆగి లోపల చూడండి. కూలెంట్ కదలాలి, కాస్త రేస్ చేస్తే ప్రవాహం పెరగాలి. కూలెంట్ లేచి పొంగడం మొదలవగానే వెనక్కి జరిగి ఇంజిన్ ఆపేయండి. ఎలక్ట్రిక్ పంపు ఉన్న కార్లలో స్కానర్‌తో పంపును తిప్పించి వినాలి.

రేడియేటర్ లోపలి మూసుకుపోవడాన్ని వేడి మీద పట్టుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు, కోర్ అంతటా వరుసగా కొలవండి. కూలెంట్ వచ్చే చోటు నుంచి పోయే చోటు దాకా వేడి సాఫీగా తగ్గాలి. మధ్యలో ఒక పట్టీ చుట్టుపక్కల కన్నా బాగా చల్లగా ఉంటే ఆ ట్యూబుల్లో ప్రవాహం లేదు. ఉప్పు నీళ్లు, కుళాయి నీళ్లు పోసిన బండ్లలో సున్నం పేరుకుని, లీకు ఆపే పొడులు వాడిన బండ్లలో అవే గడ్డకట్టి ఇలా అవుతుంది. లీకు పొడి చిల్లునే వెతుక్కుని ఆగదు, సన్నటి హీటర్ కోర్ ట్యూబులనూ మూసేస్తుంది. అసలు వాడకపోవడమే మంచిది.

హెడ్ గ్యాస్కెట్

పై పరీక్షలన్నీ దాటాకే ఇక్కడికి రావాలి. అనుమానం కలిగించే గుర్తులు: బయట లీకు లేకుండా కూలెంట్ తగ్గడం, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తియ్యటి వాసన తెల్లపొగ, రిజర్వాయర్‌లో ఆగకుండా బుడగలు, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ తడబడటం. ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనిపించినంత మాత్రాన తీర్పు ఇవ్వకండి. చిన్న చిన్న దూరాలే తిరిగే బండ్లలో తేమ వల్ల కూడా అది వస్తుంది. డిప్ స్టిక్ మీద కూడా పాలరంగు ఉంటే అప్పుడు గట్టి ఆధారం.

పనిముట్లు అక్కర్లేని పరీక్ష ఒకటి: రాత్రంతా చల్లబడిన ఇంజిన్ మూత ఒకసారి తీసి మళ్లీ బిగించండి. స్టార్ట్ చేసి పై హోస్ మీద చేయి పెట్టండి. ఇంకా చల్లగా ఉండగానే, ఒకటి రెండు నిమిషాల్లోనే హోస్ గట్టిపడితే ఆ ఒత్తిడి వేడిది కాదు. సిలిండర్ గ్యాసు లోపలికి వస్తోంది.

దాన్ని ధ్రువీకరించేది నీలిరంగు ద్రవంతో చేసే కంబషన్ లీక్ టెస్టు. మట్టాన్ని మెడ కింద సుమారు 5 సెంటీమీటర్లకు దించి, వేడెక్కిన ఇంజిన్ నడుస్తుండగా టెస్టర్‌ను మెడ మీద ఆనించి, బల్బుతో ఒకటి రెండు నిమిషాలు ఆ పైగాలిని ద్రవంలోంచి లాగాలి. పెట్రోల్ ఇంజిన్‌లో నీలం పసుపుగా మారితే లీకు ఉంది. కూలెంట్ టెస్టర్‌లోకి వస్తే ఆ ద్రవం పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. చిన్న లీకులు నిలబెట్టిన బండిలో బయటపడవు. అందుకే ఒక ఎత్తు ఎక్కించి వచ్చి, చల్లబడి ఒత్తిడి దిగాక మూత తీసి, తిరిగి స్టార్ట్ చేసి పరీక్ష పెట్టడం మంచిది.

ఏ సిలిండరో తెలియాలంటే స్పార్క్ ప్లగ్గులు తీసి కంప్రెషన్ కొలవండి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది. ప్లగ్గులు తీసే ఉంచి కూలెంట్‌కి ఒత్తిడి పెట్టి కొన్ని గంటల తర్వాత క్రాంక్ చేస్తే, కారే సిలిండర్ ప్లగ్గు రంధ్రంలోంచి కూలెంట్ చిమ్ముతుంది. ప్లగ్గులు బిగించి మాత్రం ఇలా క్రాంక్ చేయకండి, సిలిండర్‌లో ద్రవం నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

హెడ్ విప్పాక స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో పొడవునా, అడ్డంగా, మూలల నుంచి మూలలకు కొలవాలి. చాలా ఇంజిన్లకు హద్దు 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్య ఉంటుంది, ఆ ఇంజిన్ మాన్యువల్ అంకె చూడండి. సాగే రకం హెడ్ బోల్టులు తిరిగి వాడకూడదు. ఇంతకన్నా ముఖ్యం: గ్యాస్కెట్ పోవడం చాలాసార్లు ఓవర్‌హీట్‌కి ఫలితం, కారణం కాదు. తిరగని ఫ్యాన్‌ను అలాగే ఉంచి కొత్త గ్యాస్కెట్ వేస్తే అదీ కాలుతుంది.

కూలింగ్ బాగుండి వేడి ఎక్కువ పుడుతుంటే

అరుదు, కానీ ఉంది. ఆగిన వెంటనే నాలుగు చక్రాల రిమ్ములు కొలవండి. ఒకటి మిగతావాటి కన్నా చాలా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోంది. పవర్ తగ్గి, ఇంజిన్ ఊపిరాడనట్టు ఉంటే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ముందు ఆక్సిజన్ సెన్సర్ తీసి గేజ్ పెట్టినప్పుడు 2500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్ఐ దాటితే అనుమానం బలపడుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడటం, మిశ్రమంలో ఇంధనం తక్కువవడం, ఇంజిన్ ఆయిల్ మట్టం పడిపోవడం కూడా చూసేయండి.

తిరిగి నింపడం, గాలి తీయడం, నిర్ధారించుకోవడం

రిపేరు సగం చెడేది ఇక్కడే. మాన్యువల్ చెప్పిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. చిక్కగా ఉంటే ఎక్కువ చల్లబరుస్తుందనుకోవడం పొరపాటు, వేడిని మోసే శక్తి నీళ్లకే ఎక్కువ. కూలెంట్ వంతు 70 శాతం దాటకూడదు. బండి ముందుభాగం కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తి వేడిలో ఉంచి, బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, నెమ్మదిగా పోయండి. బుడగల్లేకుండా ధారగా వచ్చాక స్క్రూ బిగించాలి. మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా, హోసులు పిండుతూ, మట్టం దిగినప్పుడల్లా పోయాలి. హీటర్ నుంచి నిలకడగా వేడిగాలి వస్తే గాలి చాలావరకు పోయినట్టు. మలుపులు ఎక్కువున్న ఇంజిన్లకు వాక్యూమ్‌తో నింపే పనిముట్టు వాడితేనే నమ్మకం.

పాత కూలెంట్‌ను నేల మీద పారబోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడేసిన ఆయిల్, రసాయనాలు తీసుకునే చోట ఇవ్వండి.

చివరి పరీక్ష స్కానర్ తగిలించి చేయాలి, మొదట ఏ పరిస్థితిలో వేడెక్కిందో అదే పరిస్థితిలో. ట్రాఫిక్‌లో వేడెక్కిన బండైతే ఏసీ వేసి 20 నిమిషాలు నిలబెట్టి, ఫ్యాన్ వచ్చిపోవడం కనీసం మూడుసార్లు చూడండి. హైవే మీద వేడెక్కినదైతే అదే స్పీడులో అరగంట, వీలైతే ఒక ఎత్తుతో సహా నడపండి. అంకె ఒకచోట నిలబడాలి, మెల్లగానైనా పెరుగుతూ పోకూడదు. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజిన్ మీద మట్టం చూడండి. దాగి ఉన్న గాలి బయటికి పోయి మొదటిసారి కొంచెం దిగడం మామూలే. గీత దాకా పోసి, తేదీ రాసుకుని, వారం తర్వాత మళ్లీ చూడండి. ఆ గీత నుంచి దిగిందంటే లీకు ఇంకా ఉంది. ప్రెషర్ టెస్టర్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.